స్ప్లిట్లు రెండు చాలు, మిగతావన్నీ స్టాక్‌లోకే

మొన్న ఒక కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి ఏదో చూపిస్తుంటే, కొత్తగా టీమ్‌లోకి వచ్చిన కుర్రాడు మధ్యలో ఆపి "అన్నా, మీరు టైలింగ్ విండో మేనేజర్ వాడతారని విన్నాను, ఇక్కడ చూస్తే రెండే విండోలున్నాయి, దీనికి ఐత్రీ ఎందుకు, ఏ డెస్క్‌టాప్‌లో అయినా అటొకటి ఇటొకటి పెట్టుకోవచ్చుగా" అన్నాడు. నవ్వేసి పని చూసుకున్నాం గానీ ప్రశ్నలో తప్పేం లేదు. (టైలింగ్ విండో మేనేజర్ అంటే లినక్స్‌లో తెరిచిన విండోలని ఒకదానిమీద ఒకటి పడకుండా తనే పక్కపక్కన పేర్చే ప్రోగ్రామ్, ఐత్రీ అలాంటిదే.) టైలింగ్ వాళ్ళు నెట్‌లో పెట్టే ఫోటోలు చూసినవాళ్ళెవరైనా అదే అడుగుతారు. స్క్రీన్ నిండా గళ్ళు గళ్ళుగా విండోలు, ఒక గడిలో సీపీయూ గ్రాఫు, ఒక గడిలో పాటకి తగ్గట్టు ఊగే గీతలు, ఒక గడిలో ఆపరేటింగ్ సిస్టమ్ లోగో, ఇంకో గడిలో గడియారం, అన్నిటి మధ్యా వాల్‌పేపర్ కనపడేలా ఖాళీలు. (ఆ ఖాళీల కోసమే ఐత్రీకి ఏళ్ళ తరబడి ఫోర్క్, అంటే దాని కోడ్ నుంచి విడదీసిన వేరే వెర్షన్, నడిచింది, చివరికి 2023లో 4.22 వెర్షన్‌తో అసలు దాంట్లోకే వచ్చేశాయి.) చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కాకపోతే ఆ ఫోటోల్లో ఎవరూ పని చేస్తున్నట్టు మాత్రం కనపడదు.

నా స్క్రీన్ మీద ఆరోజు కనిపించినవి రెండే అయినా కుడి పక్కన ఉన్నవి ఐదారు. ఒకటి పూర్తిగా తెరుచుకుని ఉంది, మిగతావి దాని నెత్తిన టైటిళ్ళ వరసగా ఉన్నాయి, అంతే. నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే. స్ప్లిట్, అంటే స్క్రీన్‌ని ముక్కలుగా పంచడం, వర్క్‌స్పేస్ (నంబరు కొట్టి మారే విడి డెస్క్‌టాప్) మొదలుపెట్టినప్పుడు ఒకసారి నిర్ణయించుకుని వదిలేయాల్సిన విషయం, మామూలు మానిటర్ మీద అది రెండు కాలమ్స్. ఆ తర్వాత ఏది తెరిచినా స్టాక్‌లోకి, అంటే ఇందాక చెప్పిన టైటిళ్ళ వరసలోకి, పోవాలి. నేను చదువుతున్న విండో, ఇంకెక్కడో కొత్త విండో వచ్చినందుకు చిన్నదవ్వకూడదు.

చివరి వాక్యమే నాకు ముఖ్యం. టైలింగ్ మీద విసిగి మానేసినవాళ్ళని అడిగితే షార్ట్‌కట్లు గుర్తుండవనో కాన్ఫిగ్ ఫైలు బద్ధకమనో చెప్తారు, ఇంకాస్త మాట్లాడిస్తే అసలు సంగతి బయటికొస్తుంది: ఏది తెరిచినా మొత్తం కదులుతుంది, చదువుతున్న లైను ఎక్కడికో పోతుంది.

64 కాలమ్స్ లెక్క

ఫాంట్ ఒక్కో అక్షరం 10 పిక్సెల్స్ వెడల్పు, 20 ఎత్తు అనుకోండి. 1920 x 1080 మానిటర్‌లో అడ్డంగా 192 అక్షరాలు, నిలువుగా 54 లైన్లు. రెండు సగాలు చేస్తే ఒక్కోదానికి 96 కాలమ్స్ (ఇక్కడ కాలమ్ అంటే ఒక అక్షరం వెడల్పు), కోడ్ హాయిగా పడుతుంది, లైన్ నంబర్లు చూపించుకున్నా 80కి పైనే మిగులుతుంది. మూడోది పక్కన పెట్టగానే 64. ఇక్కడ అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి, డిఫ్ (పాత కోడ్‌కీ కొత్తదానికీ తేడా చూపించేది) లైన్లు విరుగుతాయి, టేబుల్‌లా రావాల్సిన అవుట్‌పుట్ రెండేసి లైన్లుగా చుట్టుకుపోయి ఏ కాలమ్ ఏదో తెలీదు, పక్కన బ్రౌజర్ ఉంటే సైటు తనని ఎవరో ఫోన్‌లో చూస్తున్నారనుకుని మెనూని మూడు గీతల కింద దాచేసి మొత్తం పేజీని మళ్ళీ పేరుస్తుంది, మీరు చదువుతున్న పేరా ఎక్కడో కిందికి జారిపోతుంది. 1366 వెడల్పున్న లాప్‌టాప్ అయితే ఈ బాధ రెండింటికే మొదలవుతుంది, అక్షరం 9 పిక్సెల్స్ అయినా సగానికి 75 కాలమ్సే.

ఆటోమేటిక్‌గా పంచేవాటి సంగతి ఇంకా సరదా. బీఎస్‌పీడబ్ల్యూఎం అనే ఇంకో విండో మేనేజర్, హైపర్‌ల్యాండ్ అనే మరోదాంట్లో మామూలుగా వచ్చే డ్విండిల్ పద్ధతి, ఐత్రీకి తగిలించుకునే ఆటోటైలింగ్ స్క్రిప్టు, వీటన్నిటి తర్కం దాదాపు ఒకటే: ఇప్పుడు ఫోకస్ ఉన్న (అంటే టైప్ చేస్తే అందుకునే) విండో వెడల్పు ఎక్కువైతే నిలువుగా కోయి, ఎత్తు ఎక్కువైతే అడ్డంగా కోయి. మొదటిది సగం స్క్రీన్, రెండు మూడు విండోలు చెరో పావు, నాలుగోది తెరవగానే చివరి పావు మళ్ళీ రెండై 480 x 540 ముక్కలొస్తాయి. అంటే 48 అక్షరాలు, 27 లైన్లు. ఆ ముక్కలో ఒక ఎర్రర్ ట్రేస్ చదవండి చూద్దాం. పైగా నాలుగోది తెరిచింది బహుశా ఏదో చిన్న కమాండ్ కొట్టి మూసేయడానికే, దానికోసం అంతకుముందు అక్కడున్నది సగమైపోయింది, మూశాక మళ్ళీ పెద్దదైంది, మధ్యలో టెర్మినల్‌లో ఉన్న అవుట్‌పుట్ అంతా రెండుసార్లు చుట్టుకుని విప్పుకుంది.

డీడబ్ల్యూఎం అనే ఇంకో విండో మేనేజర్ తరహాలో ఎడమ పెద్ద విండో ఒకటి, కుడి కాలమ్‌లో మిగతావన్నీ పంచుకునే పద్ధతి దీనికన్నా చాలా నయం, ఎడమది కదలదు కాబట్టి. అయినా కుడి కాలమ్‌లో నాలుగు చేరితే ఒక్కోదానికి 13 లైన్లు. ఆ బాధ పడినవాళ్ళే డెక్ అనే ప్యాచ్ (కోడ్‌కి అతికించుకునే మార్పు) రాసుకున్నారు, అందులో కుడి పక్కవన్నీ పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి పడి పైది మాత్రమే కనిపిస్తుంది. కోడ్ రెండు వేల లైన్లు దాటనివ్వం అని పట్టుబట్టే ప్రోగ్రామ్ చుట్టూ ఉన్న జనం కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చారంటే నా పిచ్చి నా ఒక్కడిదే కాదన్నమాట.

1985లో వచ్చిన విండోస్ 1.0లో మామూలు విండోలు ఒకదానిమీద ఒకటి పడేవి కావు, పక్కపక్కనే పేర్చుకునేవి, 1987లో 2.0 వచ్చేసరికి ఒకదానిమీద ఒకటి పడనిచ్చారు. టైలింగ్ అప్పుడే ఓడిపోయిందని చెప్పడానికి దీన్ని తరచూ ఉదాహరణగా తెస్తుంటారు. ఓడిందో లేదో గానీ, ఒకదానిమీద ఒకటి పడే విండోలకి ఉన్న అసలు సుఖం కొత్తది వచ్చినా పాతది దాని సైజులో అది ఉండటమే. స్టాక్‌తో మౌస్ పట్టుకుని జరుపుకునే పని లేకుండా ఆ సుఖం మనకీ వస్తుంది.

మాడ్ వి, ఆ తర్వాతే మాడ్ ఎస్

ఇంత మంచిదైతే ఎందుకు వాడరంటే, ఐత్రీలో స్టాక్‌తో మొదటి పరిచయం దాదాపు అందరికీ చెడుగానే జరుగుతుంది. ఎడమ ఎడిటర్ ఉంటుంది, మాడ్ (షార్ట్‌కట్ల కోసం పెట్టుకున్న కీ, మామూలుగా ఆల్ట్ లేదా విండోస్ కీ) పట్టుకుని ఎంటర్ కొడితే కుడిపక్క టెర్మినల్ వస్తుంది, ఇప్పుడు టెర్మినల్ మీద ఉండి మాడ్ ఎస్ కొడతారు, టెర్మినల్ ఒక్కటే స్టాక్ అవుతుందనుకుంటే ఎడిటర్‌తో సహా మొత్తం స్క్రీన్ స్టాక్ అయిపోతుంది. "ఇదేం గోలరా బాబూ" అని మాడ్ ఈ కొట్టి వెనక్కొచ్చి ఇంక ఆ జోలికి పోరు.

మాడ్ ఎస్ లాంటి లేఅవుట్ కమాండ్ విండోకి తగలదు, ఆ విండో కూర్చున్న కంటైనర్‌కి, అంటే విండోలని కలిపి ఉంచే కనపడని పెట్టెకి, తగులుతుంది. ఎడిటరూ టెర్మినలూ ఒకే కంటైనర్‌లో పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ కలిపి వర్తించింది. అందుకే ముందు టెర్మినల్ మీద మాడ్ వి కొట్టాలి. కంటికి పెద్దగా ఏమీ మారదు, అదే తికమక, కానీ లోపల ఆ టెర్మినల్ చుట్టూ సొంత కంటైనర్ ఒకటి పుట్టింది. ఇప్పుడు మాడ్ ఎస్ కొడితే ఆ చిన్న కంటైనర్ మాత్రమే స్టాక్ అవుతుంది, టెర్మినల్ నెత్తిన టైటిల్ బార్ వస్తుంది, ఎడిటర్ ఉలకదు పలకదు. ఇక్కణ్ణుంచి కుడిపక్క ఎన్ని తెరిచినా ఆ స్టాక్‌లోనే చేరతాయి. ఐత్రీ లాగే పనిచేసే స్వే అనే విండో మేనేజర్‌లో కూడా ఇవే కీలు. పొరపాటున ఎడిటర్ పక్కన తెరిచినదాన్ని స్టాక్‌లోకి తొయ్యాలంటే మాడ్ షిఫ్ట్‌తో కుడి బాణం, లోపలికి పోతుంది.

దీనితోపాటు నేర్చుకోవాల్సింది ఇంకొకటే, మాడ్ ఏ. ఫోకస్‌ని విండో నుంచి దాని కంటైనర్ మీదికి జరుపుతుంది, చుట్టూ బోర్డర్ మొత్తం స్టాక్‌కి వెలుగుతుంది. అప్పుడు మాడ్ షిఫ్ట్ 3 కొడితే ఐదు విండోలూ కట్టగట్టుకుని మూడో వర్క్‌స్పేస్‌కి వెళ్తాయి. ఏళ్ళుగా వాడేవాళ్ళలో కూడా ఇది తెలియనివాళ్ళని చూశాను, ఒక్కొక్క విండోనే మోసుకెళ్తుంటారు పాపం.

ఇక ఇదే కంటైనర్ల పద్ధతికి ఒక చీకటి కోణం కూడా ఉంది, దాచడం ఎందుకు. అలవాటుగా మాడ్ వి, పక్కపక్కన పంచే మాడ్ హెచ్ కొట్టుకుంటూ పోయి విండోలు మూస్తూ తెరుస్తూ ఉంటే లోపల డొల్ల కంటైనర్లు మిగిలిపోతాయి, పెట్టెలో పెట్టె. కంటికి కనపడవు, ఎప్పుడో ఒకరోజు విండోని ఎడమకి జరపబోతే కదలకుండా మొండికేసినప్పుడు తెలుస్తాయి, లేదా ట్యాబ్ టైటిల్‌లో బ్రాకెట్ల లోపల బ్రాకెట్లు కనిపించినప్పుడు. స్ప్లిట్లు తక్కువ కొట్టేవాడికి ఈ చెత్త కూడా తక్కువ పేరుకుంటుంది, రెండు కాలమ్స్ పక్షాన ఇది కూడా వేసుకోండి.

ట్యాబ్స్ ఉండగా స్టాకే ఎందుకు

ఇది సరైన అడ్డు ప్రశ్న. స్టాక్‌లో ప్రతి విండోకి ఒక టైటిల్ లైను పోతుంది, ఐదుంటే సుమారు ఐదు లైన్లు, 54లో 49 మిగులుతాయి. అంటే కొత్త విండో వస్తే పాతది చిన్నదవ్వకూడదు అన్న నా మాట స్టాక్‌లో పూర్తిగా నిలబడదు, ఒక్కో లైను తగ్గుతూనే ఉంటుంది. ట్యాబ్స్‌లో టైటిళ్ళన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎన్నున్నా ఒకే లైను. మరి?

నాకు రెండు కారణాలున్నాయి. ఎత్తు ఒక లైను తగ్గితే ఏమీ చుట్టుకుపోదు, వెడల్పు మారితేనే టెక్స్ట్ చెదురుతుంది, కాబట్టి ఆ నష్టం నేను ఓర్చుకుంటా. రెండోది బాణాల సంగతి. ట్యాబ్స్‌లో ఎడమ కుడి బాణాలు ట్యాబ్ మారడానికి వాడతాం, స్టాక్‌లో పైకి కిందికి. నా రెండు కాలమ్స్ ఎడమ కుడిగా ఉన్నాయి. కుడి కాలమ్ ట్యాబ్స్ అయితే నాలుగో ట్యాబ్‌లో ఉండి ఎడిటర్‌కి పోవాలంటే మూడు, రెండు, ఒకటి అన్నీ దాటుకుంటూ పోవాలి, దారిలో ఒక్కొక్కటీ కళ్ళముందు తెరుచుకుంటూ మూసుకుంటూ. అదే స్టాక్ అయితే ఏ విండోలో ఉన్నా ఎడమ బాణం ఒక్కసారి కొడితే ఎడిటర్, మళ్ళీ కుడి బాణం కొడితే ఇందాక వదిలిన విండోనే. పక్కకి కాలమ్స్ మధ్య, నిలువుకి స్టాక్ లోపల, చేతికి ఎప్పుడూ సందేహం రాదు. మానిటర్‌ని నిలువుగా తిప్పి వాడేవాళ్ళకి ఇది సరిగ్గా తిరగబడుతుంది, పైనొకటి కిందొకటి పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకి ట్యాబ్సే సుఖం.

స్టాక్ వాడేవాళ్ళు టైటిళ్ళ గురించి పట్టించుకోకపోతే మాత్రం అంతా వృథా. ఐదు టెర్మినళ్ళకీ యూజర్ పేరు, మెషిన్ పేరు, అదే ఫోల్డర్ పేరు ఉంటే ఆ ఐదు లైన్లూ దండగ. షెల్‌లో (టెర్మినల్‌లో కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) ఒక చిన్న ఫంక్షన్ పెట్టుకుని, ఇప్పుడు నడుస్తున్న కమాండే టైటిల్‌గా వచ్చేలా చేసుకుంటే అప్పుడు ఆ వరస ఒక జాబితాలా పనికొస్తుంది: ఇదిగో టెస్టులు, ఇదిగో లాగ్, ఇదిగో డేటాబేస్.

కనపడకపోతే మర్చిపోతాం అనేవాళ్ళకి

గళ్ళ పక్షం వాళ్ళ గట్టి వాదన ఇదే, లాగ్ విండో కళ్ళముందు ఉంటే ఎర్రర్ రాగానే తెలుస్తుంది, స్టాక్‌లో దాస్తే ఎప్పటికో చూస్తావు. నిజమే, నాకూ అలాంటి అనుమానం ఉండేది. కానీ నాలుగు గళ్ళలో కదులుతున్న టెక్స్ట్ పెట్టుకున్నవాళ్ళ పక్కన కూర్చుని గమనించండి, వాళ్ళు కూడా దాన్ని చూడరు, ఎప్పుడూ కదులుతూ ఉండేదాన్ని కన్ను కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. ఎర్రర్ వచ్చి పైకి జరిగిపోయి పది నిమిషాలయ్యాక "అరె, ఇదెప్పుడొచ్చింది" అనేది వాళ్ళే.

దీనికి మందు టెర్మినల్ బెల్. చాలాసేపు పట్టే కమాండ్ చివర బెల్ అక్షరం ప్రింట్ చేసే ముక్క ఒకటి తగిలిస్తే, పని అయిపోగానే ఆ టెర్మినల్ తనని అర్జెంట్ అని ప్రకటించుకుంటుంది (కొన్ని టెర్మినళ్ళలో ఇది ముందు ఆన్ చేసుకోవాలి), ఐత్రీ ఆ టైటిల్ బార్‌ని ఎర్రగా మారుస్తుంది. వేరే వర్క్‌స్పేస్‌లో ఉన్నా బార్‌లో ఆ వర్క్‌స్పేస్ నంబరు ఎర్రబడుతుంది. బిల్డ్ నడుస్తుంటే నేను ఎడిటర్‌లో నా పని చేసుకుంటా, కుడిపక్క వరసలో రెండో లైను ఎర్రబడితే అప్పుడు వెళ్తా. లాగ్‌కి కూడా అంతే, ఎర్రర్ అన్న పదం కనిపిస్తే బెల్ కొట్టే ఫిల్టర్ ఒకటి మధ్యలో పెడితే చాలు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, సర్వర్లు కాపలా కాసేవాళ్ళకి, నాలుగైదు గ్రాఫులు ఒకేసారి చూస్తే గానీ సంగతి తెలియనివాళ్ళకి గళ్ళే కరెక్టు. వాళ్ళకి చూడటమే పని. 3440 వెడల్పున్న పొడుగాటి మానిటర్లకి కూడా నా రెండు అన్న అంకె వర్తించదు, మూడు కాలమ్స్ చేసినా ఒక్కోదానికి 114 అక్షరాలు వస్తాయి. అంకె మీద నాకేం పట్టింపు లేదు, అది ముందే నిర్ణయమై ఉండాలన్నదే పట్టింపు.

వర్క్‌స్పేస్‌లు ఉన్నాయిగా

ఉన్నాయి, పది ఉన్నాయి. ఒక్కో విండో ఒక్కో వర్క్‌స్పేస్‌లో ఫుల్ స్క్రీన్ పెట్టుకుని నంబర్లతో తిరిగేవాళ్ళు నాకు బాగా తెలుసు, ఆ పద్ధతిలో ఒక శుభ్రం ఉంది, కొన్నాళ్ళు నేనూ అదే చేశాను. ఇబ్బంది ఎక్కడంటే, నాకు ఎడిటర్ ఎప్పుడూ కనపడాలి, దాని పక్కన ఒకసారి డాక్యుమెంటేషన్, ఒకసారి టెస్ట్ అవుట్‌పుట్, ఒకసారి డేటాబేస్ ప్రాంప్ట్ కావాలి. జతలో ఒకటి స్థిరం, ఇంకోటి మారుతుంది. వర్క్‌స్పేస్ మారితే రెండూ మారిపోతాయి. ఒకే ఎడిటర్ విండో టైల్‌గా ఉంటూనే మూడు వర్క్‌స్పేస్‌లలో కనపడాలంటే ఐత్రీలో కుదరదు, డీడబ్ల్యూఎం ట్యాగులతో (ఒకే విండోకి రెండు మూడు నంబర్లు తగిలించడం) కుదురుతుంది గానీ అదో లోకం. టీమక్స్‌లో (ఒకే టెర్మినల్‌ని లోపలే ముక్కలు చేసుకునే ప్రోగ్రామ్) చేసుకోవచ్చుగా అంటారు, టెర్మినళ్ళ వరకూ సరే, అందులో బ్రౌజర్నీ పీడీఎఫ్‌నీ ఎలా పెడతాం?

నా దగ్గర వర్క్‌స్పేస్ అంటే ఒక పని. ఆ పనికి సంబంధించిన ఎడిటర్ ఎడమ, సరంజామా అంతా కుడి స్టాక్‌లో. పని మారితే నంబరు మారుతుంది. చాట్, మెయిల్ లాంటివి వేరే నంబర్లో, ఒక్కోసారి కాల్ వస్తే కాసేపు కనపడాల్సిన నోట్స్ స్క్రాచ్‌ప్యాడ్‌లో (కావాల్సినప్పుడు పైకి తెచ్చి మళ్ళీ దాచేసే చోటు). దాని గురించి ఇంకోసారి రాస్తా.

స్టాక్ ఇబ్బంది పెట్టే చోటు

స్టాక్‌లో ఉన్న రెండింటిని కాసేపు కలిపి చూడాల్సొచ్చినప్పుడు మాత్రం నా పద్ధతి నత్తనడకే. టెస్ట్ ఎందుకు ఫెయిలవుతోందో తెలియాలంటే టెస్ట్ అవుట్‌పుట్, సర్వర్ లాగ్ రెండూ ఒకదాని కింద ఒకటి కావాలి, రెండూ స్టాక్‌లోనే ఉన్నాయి. లాగ్‌ని మాడ్ షిఫ్ట్ ఎడమతో బయటికి లాగితే అది ఎడిటర్‌కీ స్టాక్‌కీ మధ్యలో మూడో కాలమ్‌గా ఇరుక్కుంటుంది, అదే 64. వద్దనుకున్నదే జరిగింది. చూడటం అయ్యాక మళ్ళీ కుడికి తోస్తే స్టాక్‌లోకి పోతుంది గానీ పాత చోటికి కాదు, అప్పుడు స్టాక్‌లో తెరిచి ఉన్నదాని పక్కకి చేరుతుంది, టైటిళ్ళ వరస క్రమం మారిపోతుంది, చేతికి అలవాటైన "రెండుసార్లు పైకి" ఇంకో విండోకి తీసుకెళ్తుంది. మాడ్ ఈ కొట్టి మొత్తం స్టాక్‌ని కాసేపు మామూలు స్ప్లిట్‌గా మార్చడం ఇంకో దారి, ఐదుంటే ఐదూ విచ్చుకుంటాయి, ఒక్కోదానికి పది లైన్లు.

నేను ప్రస్తుతం చేసేది లాగ్ కోసం రెండో టెర్మినల్ తెరవకుండా, టెస్ట్ టెర్మినల్ లోపలే టీమక్స్‌తో పైనా కిందా చేసుకోవడం. అతుకులబొంతే, పని జరుగుతోంది. వేలాండ్ (లినక్స్‌లో విండోలని తెరమీదికి తెచ్చే కొత్త పద్ధతి) మీద నిరి అనే కొత్త విండో మేనేజర్ ఈ చిక్కుని వేరే వైపునుంచి పట్టుకుంది, పేపర్‌డబ్ల్యూఎం అనే పాతదాని బాటలో విండోలన్నీ పక్కకి జరుపుకుంటూ పోయే ఒక పొడుగాటి వరస, కొత్తది తెరిస్తే పాతవాటి సైజు మారదు అన్నది దాని మొదటి నియమాల్లో ఒకటి, పక్క విండోని ఈ కాలమ్‌లోకి లాక్కోవడానికి, కాలమ్‌లోంచి ఒకదాన్ని బయటికి నెట్టడానికి చెరో కీ ఉన్నాయి. కాగితం మీద నాకు కావాల్సింది అచ్చం అదే. కొన్నాళ్ళు వాడి చూశాను, లాగ్‌ని లాక్కోవడం నెట్టేయడం నిజంగా హాయిగా ఉంది, కానీ పక్కకి జరిగిపోయిన విండో ఎడమకి పోయిందా కుడికి పోయిందా అని వెతుక్కోవడం మొదలైంది, స్టాక్‌లో అయితే కనీసం పేర్లు ఎదురుగా ఉంటాయి. కాలమ్స్‌కి ట్యాబ్స్ కూడా తర్వాత వచ్చాయి, వాటితో ఎడిటర్ ఒక కాలమ్, మిగతావన్నీ ట్యాబ్స్ ఉన్న ఇంకో కాలమ్‌గా పెట్టుకుని ఇంకోసారి మొదలుపెట్టాలని ఉంది. అప్పటిదాకా స్వే కాన్ఫిగ్ అలాగే ఉంటుంది, మాడ్ వి, మాడ్ ఎస్ రెండూ కలిపి ఒకే కీకి పెట్టేసుకున్నా, ఆ లైన్ కావాలంటే కామెంట్లలో అడగండి, పెడతా.